బొగ్గూ వాళ్ళదే, పాటా వాళ్ళదే

అమెరికాలో కంట్రీ అనే పల్లె సంగీతం పాడిన లొరెట్టా లిన్ గురించి ఎవరు చెప్పినా కథ ఒకేలా మొదలవుతుంది. కెంటకీ కొండల్లో బొగ్గు గని కార్మికుడి కూతురు. పదిహేనేళ్ళకే పెళ్ళి, ఇరవై దాటేసరికి నలుగురు పిల్లలు. 1953లో మొగుడు డూలిటిల్ 17 డాలర్లు పెట్టి గిటార్ కొనిచ్చాడు. వాయించడం తనంతట తానే నేర్చుకుంది, ఆ తర్వాత ఇక తిరుగులేదు. మొన్న మా పెద్దమ్మ కొడుకు పంపిన వీడియోలోనూ ఇదే కథ. చివర "భర్త ప్రోత్సాహం ఉంటే ఆడది ఏదైనా సాధిస్తుంది" అన్న మాట కూడా ఉంది.

గిటార్ సంగతి నిజమే. స్టేజీ ఎక్కమని భర్త వెంటపడకపోతే తాను పాడేదాన్నే కాదని ఆమే చాలాసార్లు చెప్పింది. ఆ మాటను కాదనడానికి మనమెవరం? నా అభ్యంతరం వేరే. ఆమె కథలో ఎవరు ఏమిచ్చారో అందరూ చెబుతారు, ఎవరు ఏం తీసుకున్నారో చెప్పరు. నా దృష్టిలో ఆమె జీవితంలో గిటార్ కన్నా పెద్ద విషయం ఒక సంతకం. ఆ సంతకంతో ఆమె రాసిన పాటల హక్కులు ఇంకొకరి కంపెనీకి వెళ్ళిపోయాయి. ముప్పై ఏళ్ళు కొట్లాడినా తిరిగి రాలేదు. ఆ పోరు మధ్యలో ఆమె పాటలు రాయడమే మానుకుంది. ఆడవాళ్ళ సంసారాన్ని అంత సూటిగా పాటలో పెట్టిన మనిషి, చేతిలో పదును ఉన్న వయసులో, రాయకుండా ఉండిపోయింది. ఆమె గురించి ముందుగా చెప్పుకోవాల్సింది ఇది.

కొండ కింద ఉన్నది ఎవరిది?

లొరెట్టా 1932లో పుట్టిన బుచర్ హాలో, జాన్సన్ కౌంటీలో వాన్ లియర్ అనే బొగ్గు ఊరి దగ్గర కొండల మధ్య ఒక సన్నటి లోయ. వాన్ లియర్‌ను కట్టింది కన్సాలిడేషన్ కోల్ కంపెనీ. ఊరి పేరు కూడా కంపెనీ డైరెక్టర్లలో ఒకాయన పేరే. ఇళ్ళు కంపెనీవి, దుకాణం కంపెనీది. ఆ కాలపు బొగ్గు ఊళ్ళలో కూలీకి డబ్బుల బదులు కంపెనీ సొంత బిళ్ళలు ఇవ్వడం మామూలు. అవి కంపెనీ దుకాణంలో తప్ప బయట చెల్లేవి కావు.

ఇంకాస్త వెనక్కి వెళ్ళాలి. ఆ పక్కనే పెయింట్స్‌విల్‌లో జాన్ మేయో అనే ఆయన ఉండేవాడు. బడిపంతులుగా బతుకు మొదలుపెట్టి, 19వ శతాబ్దం చివర్లో ఆ కొండల్లో ఇల్లిల్లూ తిరిగి, భూమి అడుగున ఉన్న ఖనిజం మీద హక్కులు కొన్నాడు. ఎకరానికి అర డాలరు, డాలరు, మహా అయితే ఇంకొన్ని డాలర్లు. ఆ దస్తావేజును బ్రాడ్ ఫామ్ డీడ్ అనేవాళ్ళు. పైన నేల రైతుదే, దున్నుకునేదీ పన్ను కట్టేదీ అతనే. అడుగున ఉన్నది మాత్రం కొన్నవాడిది. దాన్ని తీయడానికి ఏం చేయాల్సి వచ్చినా చేసే హక్కు కూడా కొన్నవాడిదే. చదువురాని రైతులు ఎంతోమంది పేరు రాయాల్సిన చోట ఇంటూ గుర్తు పెట్టి ఇచ్చేశారు. యాభై, అరవై ఏళ్ళ తర్వాత కొండను పైనుంచే ఒలిచేసే యంత్రాలు వచ్చాయి. అప్పుడు తాత పెట్టిన గుర్తు చూపించి మనవడి మొక్కజొన్న చేను తవ్వేశారు. మనవడు కోర్టుకు వెళితే కాగితం కంపెనీ పక్షాన ఉంది. కెంటకీ జనం ఓట్లేసి రాష్ట్ర రాజ్యాంగంలో సవరణ తెచ్చుకుంటే తప్ప దీనికి అడ్డుకట్ట పడలేదు. అది 1988లో.

లొరెట్టా తండ్రి టెడ్ వెబ్ ఆ వాన్ లియర్ గనుల్లోనే పనిచేశాడు. 1959లో చనిపోయాడు. కూతురి మొదటి రికార్డు రావడానికి ఇంకా ఏడాది ఉంది.

నేను సింగరేణి క్వార్టర్లలో పెరిగినదాన్ని. మా బాపు తట్టా చెమ్మస్ పట్టి గనిలో బొగ్గు ఎత్తిపోసే ఫిల్లర్. మాది సర్కారు కంపెనీ, యూనియన్లు ఉండేవి, జీతం జీతంలాగే వచ్చేది. కాబట్టి వాన్ లియర్ కష్టం మా కష్టమే అని చెప్పను. కానీ మూడో షిఫ్టు దిగి వచ్చి ఎంత రుద్ది స్నానం చేసినా బాపు కనురెప్పల అంచున కాటుక దిద్దినట్టు ఒక నల్లటి గీత మిగిలిపోయేది. బాయి బట్టలు అమ్మ విడిగా నానబెట్టేది. నీళ్ళు ఎన్నిసార్లు మార్చినా బకెట్ అడుగున మడ్డి పేరుకునేది. లొరెట్టా పాటలో తల్లి బట్టలుతికే చోటు వచ్చినప్పుడు, ఇంగ్లీషు సగమే అర్థమయ్యే రోజుల్లో కూడా, నాకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

పాటలో ఉన్న ఇల్లు

ఆ పాట పేరు 'కోల్ మైనర్స్ డాటర్'. 1970లో విడుదలైంది, కంట్రీ పాటల జనాదరణ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. నన్ను ఆకట్టుకునేది అందులో ఆమె భావాలు చెప్పకపోవడం. వస్తువులు చెబుతుంది, పనులు చెబుతుంది. నాన్న రాత్రంతా గనిలో, పగలంతా మొక్కజొన్న చేనులో. అమ్మ రుద్దుడు బల్ల మీద బట్టలుతికీ ఉతికీ వేళ్ళ నుంచి రక్తం. ఎండాకాలం కాళ్ళకు ఏమీ ఉండవు, చలికాలానికి మాత్రం కేటలాగులో చూసి తెప్పించిన కొత్త బూట్లు. ఆ డబ్బు ఎలా వచ్చిందో కూడా చెబుతుంది: పందిని అమ్మితే వచ్చింది. పేదరికం మీద పాటలు రాసేవాళ్ళు చాలామంది ఆకలి గురించి రాస్తారు, బూట్ల డబ్బు ఎక్కడిదో రాయరు. లెక్క తెలిసేది ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకే.

యాస కూడా మార్చుకోలేదు. పని 'హార్డ్' అన్నదానికి ప్రాస కుదిరేలా, అలసిపోయామని చెప్పేచోట 'టార్డ్' అంటుంది. ఆ కొండల్లో అలాగే అంటారు. కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో అన్నేళ్ళు ఉన్నా నాలుకను నున్నగా చేసుకోలేదు. ఈ పాట మొదట ఇంకా చాలా పొడవుగా రాశాననీ, నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ కొన్ని చరణాలు తీసేయించాడనీ ఆమే చెప్పుకుంది. ఆ తీసేసిన చరణాల్లో ఏముందో అని నాకు ఇప్పటికీ మనసు పీకుతుంది.

చివర్లో ఆమె ఆ ఇంటికి తిరిగి వెళుతుంది. అక్కడ నేల తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. ఇంతకన్నా సొంత పాట ఎవరికైనా ఉంటుందా? తండ్రి పని, తల్లి వేళ్ళు, ఊరి పేరు, బూట్ల డబ్బు. అయినా ఆ పాట పబ్లిషింగ్ హక్కు ఆమెది కాదు. ష్యూర్-ఫైర్ మ్యూజిక్ అనే కంపెనీది.

సంతకం

1960లో ఆమె మొదటి రికార్డును జీరో అనే చిన్న కంపెనీ వేసింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ కారు వేసుకుని ఊరూరా రేడియో స్టేషన్ల గడప ఎక్కి, మా రికార్డు వేయండని అడిగారు. ఆ పాట బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పట్టికలో 14వ స్థానం దాకా వెళ్ళింది. ఆ ఊపుతో నాష్‌విల్ చేరారు. అక్కడ ఆమెను చేరదీసినవాళ్ళు టెడ్డీ, డాయిల్ విల్‌బర్న్ అనే అన్నదమ్ములు. స్వయంగా గాయకులు. ప్రోగ్రాములు బుక్ చేసే ఏజెన్సీ వాళ్ళదే, ష్యూర్-ఫైర్ వాళ్ళదే, 1963 నుంచి ఒక టీవీ షో కూడా వాళ్ళదే. డెక్కా రికార్డు కంపెనీలో ఆమెకు చోటు ఇప్పించింది వాళ్ళు. టీవీలో పాడించి ఇంటింటికీ ఆమె ముఖం పరిచయం చేసింది వాళ్ళు. ఆమె రాసే పాటలు మాత్రం ష్యూర్-ఫైర్ ఖాతాలో చేరాలి.

పబ్లిషింగ్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను, ఎందుకంటే గొడవంతా ఇక్కడే ఉంది. పాట రాసినవాళ్ళు దాని హక్కును పబ్లిషర్‌కు రాసిస్తారు. పబ్లిషర్ ఆ పాటను గాయకులకు చేరవేసి, అది ఎక్కడ మోగినా డబ్బు వసూలు చేసి, మామూలుగా సగం తాను ఉంచుకుని సగం రచయితకు ఇస్తాడు. అంటే లొరెట్టాకు ఏమీ రాలేదని కాదు, రచయిత వాటా ఆమెకు ఉంది. పోయింది రెండో సగమూ, పాట మీద పెత్తనమూ.

1970ల మొదట్లో ఆమె విల్‌బర్న్‌లతో తెగతెంపులు చేసుకుంది. వ్యవహారం కోర్టుకు వెళ్ళింది. పాటలు వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. కొత్తగా ఏం రాసినా అదే కంపెనీకి వెళ్ళే పరిస్థితి ఉండటంతో ఆమె రాయడం ఆపేసింది.

ఇక్కడ ఎదురు వాదన ఉంది, గట్టిదే. విల్‌బర్న్‌లు లేకపోతే లొరెట్టా ఎవరికి తెలిసేది? పాటలు రాసే అమ్మాయిలు నాష్‌విల్‌కు అప్పుడూ వచ్చేవాళ్ళు, తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. పేరు లేని మనిషి మీద డబ్బూ సమయమూ పెట్టినవాళ్ళకు ప్రతిఫలం రావద్దా? రావాలి. కొన్నేళ్ళ పాటు ఆమె సంపాదనలో వాటా తీసుకున్నా, ఆ కాలంలో రాసిన పాటల్లో సగం తీసుకున్నా నేను తప్పు పట్టను. నాకు మింగుడుపడనిది ఇంకా రాయని పాటల మీద హక్కు. ఆ సంతకం నాటికి ఆమెకు అసలు తన దగ్గర ఏముందో తెలియదు. మేయో వచ్చినప్పుడు రైతుకూ అంతే. కొండ అడుగున ఏముందో కొనేవాడికి తెలుసు, అమ్మేవాడికి తెలియదు. మనవడి చేను కూడా ఆ కాగితంలోనే ఉందని అసలే తెలియదు.

ఆమె బతుకు బాగానే గడిచింది కదా అని ఇంకో మాట. గడిచింది. 1966లో టెనెసీలోని హరికేన్ మిల్స్‌లో పెద్ద ఎస్టేటు కొన్నారు. కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్ళ 'ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్' అవార్డు 1972లో అందుకుంది, అది పొందిన మొదటి మహిళ ఆమే. కానీ ఆ డబ్బులో చాలా భాగం స్టేజీ మీద నిలబడి పాడితే వచ్చింది. ఏడాదిలో ఎక్కువ రోజులు బస్సులో తిరుగుతూ, పిల్లల్ని ఇంట్లో వదిలి, ఒళ్ళు సహకరించకపోయినా పాడితే వచ్చింది. తండ్రి షిఫ్టు చేస్తే కూలీ, కూతురు షో చేస్తే ఫీజు. నిద్రపోతున్నప్పుడు కూడా డబ్బు తెచ్చేది హక్కు. అది వేరేవాళ్ళ దగ్గర ఉంది.

అది ఆ కాలపు పద్ధతి, అందరూ అలాగే ఇచ్చేవాళ్ళు అనేవాళ్ళకు ఇంకో కంట్రీ గాయని డాలీ పార్టన్‌ను గుర్తు చేస్తాను. ఆమెదీ టెనెసీ కొండల్లో పేద ఇల్లే. 1970ల మధ్యలో ఎల్విస్ ప్రెస్లీ ఆమె పాట ఒకటి పాడతానన్నాడు. అతని మేనేజరు పబ్లిషింగ్‌లో సగం అడిగాడు. ఆమె ఇవ్వనంది. ఎల్విస్ గొంతులో తన పాట వినే అవకాశం పోయిందని ఆ రాత్రి ఏడ్చానని తర్వాత చెప్పుకుంది. 1992లో అదే పాటను విట్నీ హ్యూస్టన్ పాడింది. 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' ఎంత డబ్బు తెచ్చిందో లోకమంతా ఎరుగు. డాలీకి వ్యాపారం తెలుసనీ, లొరెట్టాకు తెలియదనీ తేల్చేయడం నాకు ఇష్టం లేదు. డాలీ మొదట్లోనే, మేనమామతో కలిసి, సొంత పబ్లిషింగ్ కంపెనీ పెట్టుకుంది. లొరెట్టా పక్కన అలాంటి మనిషి లేడు. తెలివి తేడా కన్నా పక్కన ఎవరున్నారన్న తేడా పెద్దదనుకుంటాను.

రేడియో ఆపలేకపోయింది

లొరెట్టా గురించి రాసేవాళ్ళు ఆమె నోరు మూయించడానికి జరిగిన ప్రయత్నాలంటే రేడియో నిషేధాల గురించే చెబుతారు. గర్భనిరోధక మాత్ర మీద పాడిన 'ది పిల్' 1972లో రికార్డయి, కంపెనీ జంకడంతో 1975 దాకా బయటికి రాలేదు. వచ్చాక చాలా స్టేషన్లు దాన్ని వేయబోమన్నాయి. ఫలితం? కంట్రీ పట్టికలో 5వ స్థానం, పాప్ పట్టికలో 70వ స్థానం. పాప్‌లో ఆమె ఒక్కతే పాడిన ఏ పాటా అంత దూరం వెళ్ళలేదు. నిషేధం ఆమెను ఆపలేదు, ఇంకా నలుగురికి తెలిసేలా చేసింది.

కానీ ఆ పాట రాసింది ఆమె కాదు. పాడటం, దానికి తన ముఖం అడ్డుపెట్టడం, తిట్లు పడటం ఆమె ధైర్యమే. అక్షరాలు మాత్రం ఇతరులవి. 1966 నుంచి 1972 దాకా చూడండి. 'యూ ఎయింట్ వుమన్ ఎనఫ్', 'ఫిస్ట్ సిటీ', 'కోల్ మైనర్స్ డాటర్', 'యూ ఆర్ లుకింగ్ ఎట్ కంట్రీ', విడాకులు తీసుకున్న ఆడవాళ్ళను లోకం చూసే చూపు మీద 'రేటెడ్ ఎక్స్'. అన్నీ సొంతంగా రాసుకున్నవి. ఆ తర్వాత ఆ దశాబ్దంలో ఆమెకు మొదటి స్థానం తెచ్చిన పాటల కింద పేర్లు చూస్తే లోలా జీన్ డిలన్, పెగ్గీ ఫోర్మన్, ఇంకా ఎవరెవరో. మంచి పాటలే. లొరెట్టా రాసినవి కావు.

ఆమె ఎలా రాసేదో ఒక సంఘటన చెబితే తెలుస్తుంది. ఒక షోకు ముందు ఒకామె ఏడుస్తూ తెర వెనక్కి వచ్చింది. నా మొగుడు తన ప్రియురాలిని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు అంది. లొరెట్టా తెర సందులోంచి తొంగిచూసి, ఆ రెండో ఆమెను పరికించి, నీ మొగుణ్ణి తీసుకుపోయేంత ఆడతనం ఆమెకు లేదు అని చెప్పింది. వెంటనే డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చుని 'యూ ఎయింట్ వుమన్ ఎనఫ్' పాట రాసేసింది. ఎదుటి మనిషి కన్నీళ్ళు ఆరకముందే పాటయ్యే చేయి అది. అలాంటి చేతిని రేడియో స్టేషన్లు కట్టేయలేదు, తిట్టిన పాస్టర్లు కట్టేయలేదు, కాంట్రాక్టు కట్టేసింది.

ఆమె మాటే నమ్మాలా?

ఇక్కడ నాకు నిజంగానే ఒక శంక ఉంది. రాయడం మానేసిన కారణం ఆమె చెప్పిందే మనకు తెలుసు. కానీ ఆమె తన గురించి చెప్పిన అన్ని మాటలూ నిలబడలేదు. పదమూడేళ్ళకు పెళ్ళయిందని దశాబ్దాల పాటు చెప్పింది, ఆత్మకథలోనూ, దాని మీద తీసిన సినిమాలోనూ అదే. 2012లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ జనన ధ్రువపత్రం బయటపెట్టింది. పుట్టింది 1932 ఏప్రిల్ 14న, పెళ్ళి 1948 జనవరిలో. అంటే పెళ్ళినాటికి పదహారేళ్ళు నిండటానికి ఇంకో మూడు నెలలు. మూడేళ్ళు తగ్గించుకున్న మనిషి, కలం పదును తగ్గిన సంగతిని కాంట్రాక్టు మీదికి నెట్టలేదని ఎలా చెప్పగలం? పైగా అప్పటికి కవలలతో కలిపి ఆరుగురు పిల్లలు, తీరిక లేని ప్రయాణాలు, ఆరోగ్యం దెబ్బతినడం. మామూలు మనిషికి రాయడం ఆగిపోవడానికి ఇవి చాలు.

చాలా ఆలోచించాను దీని గురించి. నాకు దొరికిన జవాబు ఆమె మాటల్లో లేదు, రికార్డుల మీద ఉంది. 2004లో, 72 ఏళ్ళ వయసులో, రాక్ సంగీతకారుడు జాక్ వైట్‌తో కలిసి 'వాన్ లియర్ రోజ్' ఆల్బమ్ చేసింది. అందులో ప్రతి పాటలోనూ ఆమె కలం ఉంది. దానికి రెండు గ్రామీ అవార్డులు వచ్చాయి. 1996లో పోయిన భర్త లేని మంచం మీద ఒక పాట, ప్రేమించినవాణ్ణి చంపి మరణశిక్షకు ఎదురుచూస్తున్న ఆడమనిషి మీద ఒక పాట. ఇంకిపోయిన చేయి రాసే పాటలు కావవి.

మన దగ్గర ఈ ప్రశ్న

2017లో పాటల హక్కుల మీద ఇళయరాజా గారి తరఫున బాలు గారికి నోటీసు వెళ్ళినప్పుడు తెలుగువాళ్ళు ఎంత బాధపడ్డారో నాకు గుర్తుంది. స్నేహితుల మధ్య డబ్బేమిటన్నారు కొందరు, చట్టం చట్టమే అన్నారు కొందరు. ఆ రోజుల్లో సంగీత దర్శకుడి గురించీ గాయకుడి గురించీ తెల్లవార్లూ మాట్లాడుకున్నాం. ఆ పాటలకు మాట రాసిన కవి ఏ కాగితం మీద సంతకం చేశాడని అడిగినవాళ్ళు నాకు కనపడలేదు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, సినిమా హాలు బయట తన పాట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో వాటాను గీత రచయిత రాసిచ్చినా అది చెల్లదు. అంటే రచయిత చేత ఇప్పించుకోవడం అంత మామూలు సంగతి కాబట్టే, ఇవ్వడానికి వీల్లేదని చట్టం చెప్పాల్సి వచ్చింది. ఈ కారణంగానే లొరెట్టా కథ నాకు దూరదేశపు కథలా అనిపించదు.

అమెరికా చట్టంలో కూడా ఒక వెసులుబాటు ఉంది. 1978కి ముందటి పాటల హక్కులు రాసిచ్చేసినవాళ్ళు 56 ఏళ్ళు గడిచాక వెనక్కి అడగవచ్చు. 1966లో వచ్చిన పాటకు ఆ గడువు 2022. లొరెట్టా హరికేన్ మిల్స్‌లో కన్నుమూసింది ఆ ఏడాది అక్టోబర్ 4న. ఒక మనిషి బతుకంత పొడుగున్న గడువును న్యాయం అనడానికి నాకు మనసొప్పదు.

'వాన్ లియర్ రోజ్'లో చివరి పాట ఆమె బతుకు కథే. పెళ్ళి, పిల్లలు, అన్నీ వరసగా చెప్పుకొస్తుంది. హాలీవుడ్ పెద్దలు వచ్చి నా మీద సినిమా తీశారు, అది పెద్ద హిట్టయింది అంటుంది. వెంటనే, మరి ఆ డబ్బంతా ఏమైనట్టు అని అడుగుతుంది. ఆ తర్వాత దేవుడు నన్ను చల్లగానే చూశాడని కూడా అంటుంది. రెండూ ఒకే పాటలో, ఒకే గొంతుతో. దీవెన గురించి ఆమె అన్న మాటను అందరూ తలుచుకుంటారు. డబ్బు గురించి అడిగిన ప్రశ్నకు నాష్‌విల్‌లో గానీ హాలీవుడ్‌లో గానీ ఎవరూ ఆమెకు జవాబు చెప్పలేదు.